రుక్మిబాయి బొటనవేలు

కామారెడ్డి స్టేషన్ రోడ్డులో, ఎరువుల దుకాణం మీది రెండు గదుల్లో 2009లో ముద్ర కార్డు సర్వీసెస్ అనే కంపెనీ పుట్టింది. పుట్టించినవాడు గంగారాం. అంతకుముందు అవే గదుల్లో ఆయన బస్ పాసులకు లామినేషన్ చేసేవాడు. పల్లెల్లో స్మార్టు కార్డుల మీద పింఛన్లు ఇప్పించే పని బ్యాంకు నుంచి దొరకగానే లామినేషన్ మెషీన్‌ను మూలకు నెట్టి, గోడకు పెద్ద తాళం బొమ్మ వేయించి, కింద ‘డిజిటల్ భద్రత’ అని రాయించాడు. ఆ తాళం బర్రెల కొట్టానికి వేసేదానిలా ఉందని కింద దుకాణం వాళ్లు నవ్వుకునేవాళ్లు. గంగారాం నవ్వేవాడు కాదు. భద్రత దగ్గర ఆయనకు పరాచికాలు పడవు.

కంపెనీ ఊరికో మెషీన్ ఇచ్చింది, దాన్ని నడపడానికి ఊరికో మనిషిని పెట్టింది. ఎల్లారెడ్డి అవతలి తండాకూ, దాన్ని ఆనుకునే ఉన్న పక్క ఊరికీ ఆ మనిషి మాలతి. ఇంటర్ పాసై, బీడీలు చుట్టనంటే చుట్టనని మొండికేసి ఇంట్లో కూర్చున్న పిల్లకు ఆ మెషీన్ దొరకడం ఇంటిల్లిపాదికీ ఊరట. చేతిలో పట్టేంత మెషీన్ అది. కార్డు దూర్చి అద్దం మీద వేలు పెడితే, కార్డులో దాచిన ముద్రతో పోల్చుకుని, మనిషి పేరు పిలిచి మరీ ధన్యవాదాలు చెప్పేది. ఆ గొంతు గంగారాందే. బయటివాళ్లతో చెప్పిస్తే ఖర్చని, వేలమంది పేర్లు తనే ఒక్కొక్కటిగా చదివి రికార్డు చేసిన మహానుభావుడాయన.

కార్డులు చేసే రోజున తండాలోని ముసలి రుక్మిబాయి వేలు పడలేదు. నలభై ఏళ్లు చెరుకు కొట్టి, రాళ్లు మోసి, ఆమె వేళ్ల మీద గీతలన్నీ ఏనాడో అరిగిపోయాయి. తొమ్మిదిసార్లు పెట్టినా మెషీన్ ఒప్పుకోలేదు. కామారెడ్డి నుంచి వచ్చిన కంపెనీ మనిషి ఆమెను ‘తర్వాత చూద్దాం’ జాబితాలో రాయమని చెప్పి చాయ్ తాగడానికి పోయాడు. ఆ జాబితాలోకి పోయినవాళ్ల సంగతి తర్వాత ఎవరూ చూడరని మాలతికి తెలుసు. రుక్మిబాయి బొటనవేలిని పైట చెంగుతో తుడిచి, ఎండకు పెట్టి చూసుకుంది.

“ఈ చెయ్యి నాది కాదంటున్నదా బిడ్డా అది?” అని అడిగింది.

మాలతి అటూ ఇటూ చూసి తన కుడి బొటనవేలు అద్దం మీద పెట్టింది. మెషీన్ మారుమాట లేకుండా పుచ్చుకుంది.

ఒకరికి చేశాక ఇంకొకరికి లేదని ఎలా అంటుంది? సాయంత్రానికి మాలతి పది వేళ్లూ పదిమంది ముసలివాళ్ల పేర పడిపోయాయి. పక్క ఊరి భూదవ్వకు ఎడమ చిటికెన వేలు వచ్చింది. తారాసింగ్‌కు నడిమి వేలు వచ్చింది. ఒకప్పుడు తండాకు పెద్దమనిషిగా ఉన్న తనకు నడిమి వేలిచ్చి రుక్మికి బొటనవేలిస్తారా అని ఆయన నెలరోజులు అలిగాడు. పదకొండో మనిషి రాలేదు కాబట్టి బతికిపోయింది, లేకుంటే కాలి వేళ్ల దాకా పోవలసి వచ్చేది.

ఆనాటి నుంచి ఆ వేళ్లు మాలతివి కాకుండా పోయాయి. కూరగాయలు తరగబోతే భూదవ్వ కత్తిపీట లాక్కునేది. పత్తి తీయడానికి పోతానంటే తారాసింగ్ దారికి అడ్డం నిలబడేవాడు. విసుగొచ్చి అరిచేది గానీ, అంతమంది తన చేతుల్ని చూసి బెంగపడడం ఆమెకు లోలోపల ఎంతో బాగుండేది. పింఛన్ రోజున వాళ్లు వరుసగా కూర్చుని ఎవరి వేలు వాళ్లు పట్టుకుని అద్దం మీద పెట్టుకునేవాళ్లు. రుక్మిబాయి అయితే మాలతి బొటనవేలిని ముందు చెంగుతో శుభ్రంగా తుడిచేది. ‘రుక్మిబాయి, ధన్యవాదాలు’ అని గంగారాం గొంతు పలకగానే, తనను అంత మర్యాదగా పిలిచేవాడు వాడొక్కడేనని మురిసిపోయేది.

2011 నాటికి కంపెనీ మాచారెడ్డి, సదాశివనగర్ దాకా పాకింది. ఎక్కడ చూసినా ‘తర్వాత చూద్దాం’ జాబితాలు బారెడేసి ఉన్నాయి. ఒక్క మాలతి తండాలోనే లేదు. గంగారాం ఆమెను కామారెడ్డి పిలిపించి, అందరి ముందూ శాలువా కప్పి, స్టీలు టిఫిన్ డబ్బా ఇచ్చి, కిటుకేమిటో చెప్పమన్నాడు. మాలతి ముసలివాళ్ల వేళ్లకు కొబ్బరినూనె రాయిస్తానని చెప్పింది. గంగారాం పొంగిపోయి ఆ ముక్కను కరపత్రం వేయించి ఊరూరా పంచాడు. ఆ దెబ్బకు ఆర్నెల్లు ఏ మెషీన్ అద్దం చూసినా జిడ్డే. తన మూలంగానే ఇదంతా అని మాలతి కుమిలిపోయేది. నిజం చెబితే తన పనీ పోతుంది, పదిమంది కార్డులూ పోతాయి. అందుకని నోరు కుట్టేసుకుంది.

2013 వానల్లో రుక్మిబాయి రెండు రోజుల జ్వరంతో పోయింది. కొడుకు జైసింగ్ చావు సంగతి పంచాయతీలో రాయించి, కార్డు తెచ్చి మాలతి చేతిలో పెట్టాడు. కామారెడ్డిలో అప్పజెప్పేస్తే సరిపోయేది.

మాలతి ఆ పని చేయలేకపోయింది. నాలుగో రోజు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు కార్డును మెషీన్‌లో దూర్చింది. బొటనవేలిని కొంగుతో తుడిచింది. అద్దం మీద పెట్టింది. ‘రుక్మిబాయి, ధన్యవాదాలు’ అంది మెషీన్. ఒక్కసారి ఆ పేరు వింటే చాలనుకుంది, విని భోరున ఏడ్చింది. ఏడుపు ఆగాక చూస్తే మెషీన్‌లోంచి చీటీ బయటికి వచ్చి ఉంది. మట్టి చేసిన నాలుగో రోజున రుక్మిబాయి వచ్చి వేలు పెట్టి పోయినట్టు తారీకుతో సహా అందులో పడింది.

సాయంత్రానికి ఆ లెక్క కామారెడ్డి కంప్యూటర్లో తేలుతుంది. ఎవరో పట్టుకునేదాకా ఆగడం ఆమెకు నచ్చలేదు. దొరికిన బస్సెక్కి, గంగారాం బల్ల మీద కార్డూ చీటీ పెట్టి, పక్కన తన రెండు చేతులూ పరిచింది. ఇది తారాసింగ్ తాతది, ఇది భూదవ్వది అని ఒక్కో వేలే చూపిస్తూ పదిమంది పేర్లూ చెప్పింది. తన పని తీసేయమని, వాళ్ల కార్డులు మాత్రం ఉంచమని బతిమాలింది.

గంగారాం ముందుకు వంగి ఆ చేతుల్ని చూశాడు. “మరి కొబ్బరినూనె?”

“అబద్ధం, సార్.”

“ఆర్నెల్లు స్పిరిట్ పెట్టి అద్దాలు తుడిచిన బిడ్డా నేను.” తర్వాత చీటీ చేతిలోకి తీసుకున్నాడు. “పైసలు గూడ తియ్యలే. మరి చచ్చిపోయినామెది ఎందుకు పెట్టినవ్?”

“మీ గొంతుల అవ్వ పేరు ఇనాలనిపించింది సార్. తండాల ఇప్పుడు ఆ పేరు ఎవ్వరు పిలుస్తలేరు.”

గంగారాం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అయినా భద్రత భద్రతే. ఒకరి వేలితో ఇంకొకరి కార్డు తెరుచుకుంటే అది తాళమే కాదంటూ, మిగిలిన తొమ్మిది కార్డులూ అక్కడికక్కడే ఆపేశాడు.

మాలతి ఏడుస్తూ ఇల్లు చేరింది. రెండు రోజులు తిరక్కుండానే గంగారాం జీపు తండాకు వచ్చింది. తొమ్మిదిమందినీ కూర్చోబెట్టి పొద్దుగూకేదాకా ఒక్కో వేలూ ఆయనే పెట్టించి చూశాడు. ఒక్కటీ పడలేదు. భూదవ్వ అరచేతిని తన చేతిలోకి తీసుకుని, దాని నునుపును వేలితో రాసి చూశాడు. కామారెడ్డి పోయి కొత్త ఫారం రాశాడు. వేలు పడని మనిషి తనకు నమ్మకమైన ఒకరి వేలును సాక్షుల ఎదుట, కాగితం మీద, తోడుగా పెట్టుకోవచ్చు. దానికి ‘తోడు వేలు’ అని పేరు పెట్టాడు. బ్యాంకు చుట్టూ ఎనిమిది నెలలు తిరిగి ఒప్పించాడు. అన్నాళ్లూ చేతిపుస్తకం మీద సంతకాలు పెట్టించుకుని తొమ్మిదిమందికీ ఇప్పించాడు.

ఒక్కటే మెలిక. మెషీన్ నడిపే మనిషి తోడు వేలు ఇవ్వకూడదు. తొమ్మిదిమందినీ ఎవరి వేలు కావాలని అడిగితే, కొడుకులూ కోడళ్లూ పక్కనే ఉన్నా, మాలతి పేరే చెప్పారు. మాలతి మెషీన్‌ను తుడిచి, సంచిలో పెట్టి, గంగారాం చేతికిచ్చేసింది. అంత ఇష్టపడ్డ పని పోతున్నా, ఇచ్చిన వేళ్లను వెనక్కి తీసుకోవడం ఆమె వల్ల కాలేదు. మెషీన్ తండాలోనే చదువుకున్న ఇంకో పిల్ల నవతకు వెళ్లింది. అన్ని మండలాలూ తిరిగి తోడు వేలు సంగతి నేర్పే పనికి మనిషి కావాలని గంగారాం రెండు నెలలకు కబురు పెట్టాడు. పింఛన్ రోజున మాత్రం తండాలో ఉంటానన్న షరతు మీద మాలతి ఒప్పుకుంది.

2014లో ఒక పింఛన్ రోజున తొమ్మిదిమందీ ఎవరి వేలు వాళ్లు పట్టుకుని పని కానిచ్చుకున్నారు. కుడి బొటనవేలు ఒక్కటే మిగిలింది. పింఛన్ జాబితాలో కొత్తగా పేరెక్కిన పక్క ఊరి మంగవ్వ వచ్చి కూర్చుంది. ఆమె వేళ్లూ పడలేదు. నవత ఫారం తీసి తోడు ఎవరని అడిగితే మాలతిని చూపించింది. మాలతి చెయ్యి ఒళ్లోంచి లేవలేదు. భూదవ్వే ఆ చెయ్యి అందుకుని బొటనవేలిని తన చెంగుతో మెల్లగా తుడిచింది.

“రుక్మి ఏమనది బిడ్డా. పెట్టు” అంది.

మాలతి పెట్టింది. ‘మంగవ్వ, ధన్యవాదాలు’ అంది గంగారాం గొంతు. మంగవ్వ ఆ బొటనవేలిని వదలకుండా, ఇది ఇంతకుముందు ఎవరిదని అడిగింది. రుక్మిబాయిదని మాలతి చెప్పింది.

“అట్లనా” అంది మంగవ్వ. “అయితే మంచిగ చూసుకుంట.”