డెబోరా ఆంటీ కోసం లెన్స్

ఈ పరాయి దేశంలో, హెండర్సన్ అనే ఊళ్లో మా తెలుగు చర్చి ఒక అద్దె హాల్లో జరుగుతుంది. అక్కడ వెలుతురు తక్కువ, ఫ్లాష్ కొడితే పాస్టరుగారికి కోపం. నా పాత లెన్స్‌తో కదిలే మనుషులంతా మసకగా పడేవారు. అందరికంటే ఎక్కువ డెబోరా ఆంటీ. ముసలివాళ్లను చూసుకునే రెస్ట్ హోమ్‌లో డ్యూటీ దిగి నేరుగా వచ్చి, అందరికీ భోజనాలు వడ్డిస్తూ ఒక్క క్షణం నిలబడేది కాదు.

"ఏంటయ్యా ఎలియాస్, నా మొహం ఎప్పుడూ పొగలాగే పడుద్దేంటి?" అనేది.

"మంచి లెన్స్ కొంటున్నానాంటీ. మీరు కదిలినా క్లియర్‌గా వస్తది" అనేవాణ్ణి.

కొనలేదు. తక్కువ వెలుతుర్లోనూ పనిచేసే టూ పాయింట్ ఎయిట్ జూమ్‌లు రెండు చూసుకుని, ఒకటి బరువనీ, రెండోదానికి ఫోటో అంచుల్లో పదును తక్కువనీ ఏడాదిపాటు రివ్యూలు చదువుతూ కూర్చున్నాను. వెధవ అంచులు! అక్కడ ఎవరు నిలబడతారని?

మొన్న సోమవారం ఆంటీ గుండె ఆగిపోయింది. భూస్థాపన కార్డు మీద వేయడానికి ఒక మంచి ఫోటో ఇమ్మని ఆవిడ కూతురు విక్టోరియా అడిగింది. ఆరేళ్ల ఫోటోలు వెతికాను. ఒక్కటీ పనికిరాలేదు. చివరికి పాస్‌పోర్టు ఫోటోయే వేశారు. ఆ మధ్యాహ్నమే షాపుకెళ్లి, ఆ రెండింట్లో ముందు కనిపించినది కొనేశాను.

శనివారం, మా అలవాటు ప్రకారం, గుంటూరులోని బంధువులకు పంపే ఫోటో కోసం కుటుంబమంతా మూత తీసిన శవపేటిక చుట్టూ నిలబడ్డారు.

"అమ్మ ఫేస్ క్లియర్‌గా రావాలన్నయ్యా" అంది విక్టోరియా.

కొత్త లెన్స్‌లోంచి చూశాను. ఆంటీ మొహం మీద ప్రతి ముడతా కనిపిస్తోంది. ఆవిడ కదలడం లేదు.

దీనికి పాత లెన్స్ చాలు.