కడిగిన నీళ్ళు

"నీ చేతిలో పడితే గిన్నె తళతళలాడాల్సిందే అమ్మాయ్," అని అత్తగారు మెచ్చుకున్నప్పుడల్లా ఆమెకు ఒళ్ళు మండేది. ఆ మెచ్చుకోలు వెనకాలే ఇంకో నాలుగు గిన్నెలు వచ్చి పడతాయి మరి. ల్యాబులోనూ అదే తంతు. కాలేయ క్యాన్సర్ మీద డాక్టరేటు చేసిన మనిషి. అయినా కణాలు పెంచే ప్లేట్లను ఉప్పునీళ్ళతో కడిగే పని ఆమెకే. "ఆడవాళ్ళ చెయ్యి సుతారం కదమ్మా!" అంటాడు పెద్దసారు. సుతారమైన పనులన్నీ పేరు రాని పనులే ఎందుకవుతాయో ఆయన చెప్పడు.

ప్లేటు అడుగున అంటుకున్న కణాలనే అందరూ పరీక్షిస్తారు. ఊడొచ్చినవి చచ్చినవేనని కడిగిన నీళ్ళు పారబోస్తారు. కణాన్ని కణంతో పట్టి ఉంచే ప్రొటీను పోతేనే జబ్బు కాలేయం దాటుతుందని సారు నమ్మకం. ఒకరోజు ఆమెకు ఆ నీళ్ళు పారబొయ్యబుద్ధి కాలేదు. మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. కణాలు గుంపులుగా తేలుతున్నాయి, ప్రాణంతో! ప్లేటును వదిలాయి గాని ఒకదాన్నొకటి వదల్లేదు. ఆ ప్రొటీనుకు అడ్డుపడే మందు వేస్తే గుంపు చెదిరింది, చెదిరినవి చచ్చాయి. మళ్ళీ మళ్ళీ చేసినా అంతే.

ఆమె చూపించగానే సారు ముఖం వెలిగిపోయింది. "భేష్! స్లైడ్లు నువ్వు చేసిపెట్టు, రేపు సభలో మన జూనియర్ మాట్లాడతాడు. సాయంత్రమైతే నీకు ఇల్లు గుర్తొస్తుందిగా!"

ఇంటికొస్తే మొగుడు. "రేపు మా ఆఫీసరు భోజనానికొస్తున్నాడు, పెందలాడే వచ్చెయ్. ఆ పురుగుల్ని ఇంకెవరైనా చూసుకుంటార్లే."

"పురుగులు కాదండీ, కణాలు. రేపు వాటి గురించి ఆ జూనియర్ మాట్లాడతాడట," అంది ఉల్లిపాయలు తరుగుతూ.

"ఇంతకీ నువ్వేం చూశావే?" అంది అత్తగారు.

కాపురానికొచ్చాక ఆ ఇంట్లో ఆ ప్రశ్న వినడం అదే మొదలు. కత్తి పక్కన పెట్టి మొత్తం చెప్పింది. అత్తగారు తలూపింది.

"అంటే ఆ పట్టు తప్పిస్తే రోగం దారిలోనే చస్తుందన్నమాట. నాకే అర్థమయ్యేట్టు చెప్పావు కదే, మధ్యలో ఆ జూనియర్ ఎందుకు?"

ఆమె నవ్వింది. చేతులు తుడుచుకుని సారుకు ఫోను చేసింది. "రేపు నేనే మాట్లాడతానండీ."

"మరి ఇల్లమ్మా?"

"ఇంట్లో మనుషులున్నారు సార్."

ఫోను పెట్టేసి, సగం తరిగిన ఉల్లిపాయనూ కత్తినీ మొగుడి ముందుకు జరిపింది.

"సన్నగా తరగండి. అలవాటైతే మీ చెయ్యీ సుతారమే."