ఆల్బీపురమున హైమవతి

శరత్కాలపు టొకానొక ప్రభాతమున ఫ్రాన్సుదేశపు దక్షిణభాగమందలి ఆల్బీ యను ప్రాచీననగరము మంచుతెరను మెల్లన తొలగించుకొని బాలభానుకిరణస్పర్శచే మఱింత యెఱుపెక్కిన యిటుకగోడలతో మెఱయుచుండెను. దుర్గమువలె నిలిచిన క్రైస్తవ మహాదేవాలయపు నీడ టార్ను నదీజలములపై బడి తరంగములతోడ గదలుచుండ నప్పుడే కాల్చిన రొట్టెల కమ్మని వాసన యిఱుకుసందుల నెల్ల నిండియుండెను.

ఆ సందులలో హైమవతి తన యాడుబిడ్డయగు కాంతిమతితో గూడి తీరికగా నడచుచుండెను. హైమవతి కూచిపూడి నాట్యమున పేరెన్నికగన్న నర్తకి. రెండేండ్ల క్రిందట నాట్యమాడుచు జాఱిపడగా నామె కుడిచీలమండ విఱిగెను. ఎముక యతికినదనియు భయము వలదనియు వైద్యులు చెప్పినను నాటినుండి యామె గజ్జె కట్టలేదు. శిష్యురాండ్ర యాటకు నట్టువాంగము చేయుచు కాలము గడపుచుండెను. వారి ప్రదర్శనములకై యీ దేశమునకు వచ్చి నడుమ దొరకిన యొక విరామదినమున, ఇచ్చటనే యుపాధ్యాయినిగా నున్న కాంతిమతి వెంట నూరు చూడ బయలుదేఱినది.

సంతలో ద్రాక్షలు కొని తినుచు, పాతమఠపు తోటలో గులాబీల నడుమ విశ్రమించి, మధ్యాహ్నమునకు వారు రాళ్లు పఱచిన యొక కూడలి జేరిరి.

“వదినా! కాలు నొచ్చుచున్నదా? బండి పిలిపింతునా?”

“నొప్పి లేదు కాంతీ. వచ్చునేమో యను బెదరే నన్ను విడువకున్నది.”

అంతలో నొక పెండ్లివారి గుంపు వాద్యములతో నచ్చటికి వచ్చెను. వధువుయొక్క మామ్మ, వంగిన నడుముగల వృద్ధురాలు, చేతికఱ్ఱను వరునికిచ్చి మనుమరాలి చేయిపట్టుకొని యాడసాగెను. ఒకమాఱు తూలెను. అందఱును నులికిపడగా నామె పకపక నవ్వి మరల నడుగు వేసెను. పిదప నిశ్చేష్టయై చూచుచున్న హైమవతిని గాంచి చేయి చాచి యేదియో పలికెను.

“ఏమనుచున్నది?” అని హైమవతి యడిగెను.

కాంతిమతి నవ్వుచు “పడినచో నిద్దఱము కలసియే పడుదము రమ్మనుచున్నది వదినా!” అనెను.

హైమవతి కన్నులు చెమర్చెను. ఆ ముడుతలుపడిన చేతి నందుకొని మొదట నెడమపాదమును, ఱెప్పపాటు తడసి కుడిపాదమును నేల మోపెను. తెలియని పాటయే యైనను లయ యామెకు తెలిసినదే. చీలమండ చుఱుక్కుమనెను. అది నొప్పి మాత్రమే; అంతకు మించి యేమియు జరుగలేదు. ఆమె యాడుచునే యుండెను.

సాయంకాలమున పాతవంతెన నడుమ నిలిచి హైమవతి మృదుస్వరమున నిట్లనెను.

“కాంతీ! రేపటి ప్రదర్శనమున కడపటి యంశము నేనాడెదను.”

కాంతిమతి యామె భుజముపై తల వాల్చెను. అస్తమించు సూర్యుడు నదినిండ కుంకుమ కలుపుచుండ నావలియొడ్డున దీపము లొక్కటొక్కటిగ వెలుగజొచ్చెను. బసకు మరలు వేళయైనను హైమవతి తామింకను చూడని యా యొడ్డు వీథులవైపే యడుగు సాగించెను.