జరిమానా డబ్బా

శనివారం వాయిదా కట్టడానికి సాయంత్రం ఆరు దాటి ఒక్క నిమిషం ఆలస్యంగా వచ్చినా సరే, నోరెల్బా రెండు వేల పెసోల జరిమానా ముక్కుపిండి వసూలు చేసేది. హెరికో ఊరి కొండవీధిలో పన్నెండు మంది ఆడవాళ్ల పొదుపు సంఘానికి ఆవిడే కోశాధికారి. "పోయేటప్పుడు మూటగట్టుకుపోతుంది కాబోలు" అని వెనకాల అనుకునేవాళ్లు. ఆ మాట ఆవిడ చెవినా పడేది. బాధేసేది, కానీ వసూలు మాత్రం మానలేదు.

ఏడాది పొదుపుతో పన్నెండు మందీ తోలూ సముద్రతీరానికి బస్సెక్కారు. మర్నాడు పడవలో దీవికి పోవాలి. డెబ్బై రెండేళ్ల ఎదిల్మా సముద్రాన్ని చూడటం ఇదే మొదలు. దారిపొడుగునా ఆవిడకి పడవ ధ్యాసే.

హోటల్ యజమాని పళ్లికిలించి బిల్లు చేతికిచ్చాడు. గది అద్దె కింద ఇంకో మూడు వరసలు: బీమా, తువ్వాళ్లు, ఈతకొలను!

"బీమా ఇష్టమైతేనే కదయ్యా? మాకిష్టం లేదు, కొట్టెయ్" అంది నోరెల్బా. "తువ్వాళ్లు మావి మేం తెచ్చుకున్నాం. అంత సముద్రం ఎదురుగా పెట్టుకుని నీ ఈతకొలనులో మునుగుతామా? అదీ కొట్టెయ్."

అతను మూడూ కొట్టేసి, ఎదిల్మా చేతిలో గిన్నెకేసి చూశాడు. పంది మాంసం వేసి వండిన బీన్స్. మూడు రోజుల ప్రయాణమైనా సరే, కొండ మనుషులు ఇంటి గిన్నె వదిలి రారు.

"బయటి తిండి తెస్తే తలకి పదిహేను వేలమ్మా. అదుగో, రాసే ఉంది."

రాసే ఉంది, తలుపు వెనకాల. అంతా కలిపి లక్షా ఎనభై వేలు. పడవ డబ్బులోంచి తీస్తే ఇద్దరు ఒడ్డునే ఉండిపోవాలి.

"గిన్నె నాది, తప్పు నాది" అంది ఎదిల్మా. "ఆ ఇద్దర్లో ఒకదాన్ని నేనుండిపోతాన్లే. ఒడ్డున కూర్చున్నా సముద్రమేగా."

"ఊరుకో పిన్నీ!" నోరెల్బా సంచి అడుగునుంచి ఓ బిస్కెట్ల డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. "మీ జరిమానాలు. రెండు లక్షల పద్నాలుగు వేలు. హోటలోళ్లు ఎక్కడో ఒకచోట వాత పెడతారని తెలిసే దాచాను."

"ఒక్క మాట చెప్పొచ్చుగా వదినా! ఎంతలేసి మాటలన్నాం నిన్ను!" అంది పొరుగింటి లుస్ దారీ.

"చెబితే డిసెంబరు పండక్కే కరగదీసేవాళ్లు."

మర్నాడు పడవ అలెక్కి దిగినప్పుడల్లా ఎదిల్మా చిన్నపిల్లలా కేకలు పెట్టింది. తడిసి ముద్దయి, నోరెల్బా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏడాదంతా నీకు శాపనార్థాలు పెట్టానే తల్లీ! సముద్రం ఇంతుంటుందని తెలిస్తే శనివారాలు ఇంకా ఆలస్యంగా వచ్చి జరిమానా కట్టేదాన్ని."

పడవంతా గొల్లుమంది. నోరెల్బాకి మాత్రం ఏడుపొచ్చింది, హాయిగా ఏడ్చింది.