వేడి పైలూ, నా పాటా

నేను ఒక స్టీల్ గిటార్‌ని. భుజాన వేలాడే రకాన్ని కాను. నాలుగు కాళ్ల మీద బల్లలా నిలబడతాను. ఎదురుగా కుర్చీ వేసుకుని, తీగల మీద ఉక్కు కడ్డీ జారుస్తూ, కింద పెడళ్లు తొక్కితే గానీ పలకను. బల్లలా ఏమిటి, పుట్టుకతో బల్లనే! ఉత్తర ఇంగ్లండులో నూలు మిల్లుల ఊరు మాది. తల్లి ఊళ్లో లేనప్పుడు క్లిఫర్డ్ అనే యువకుడు భోజనాల బల్ల కోసి నన్ను తయారుచేశాడు.

"ఓరి నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఇక తిండి ఎక్కడ తినాలిరా, నీ గిటారు మీదా?" అంది ఆవిడ తిరిగొచ్చి.

"తినమ్మా. తీగల మీద మాత్రం పులుసు ఒలకబోయకు."

అవి పొడుగు జుట్లూ బెల్‌బాటం ప్యాంట్లూ ఏలిన రోజులు. క్లిఫర్డ్, మరో ముగ్గురు కలిసి 'డస్టీ సాడిల్స్' అని అమెరికా కౌబాయ్ పాటల బ్యాండు పెట్టారు. దుమ్ము పట్టిన జీనులన్నమాట. ఆ ఊళ్లో ఎప్పుడు చూసినా వానే, దుమ్ము కావాలంటే పక్క ఊరికి వెళ్లాలి. గుర్రమెక్కిన మొనగాడు ఒక్కడూ లేడు. గాయకుడు డెరిక్ తడిసిన గొడుగు వేదిక పక్కన ఆరబెట్టి, ఎడారిలో దాహంతో చస్తున్నానని ఏడుస్తూ పాడేవాడు. నాకు నవ్వాగేది కాదు.

క్లిఫర్డ్‌కి మాత్రం ఒకటే కోరిక. ఒక్క రికార్డు రావాలి, అందులో నేను వినబడాలి. నాకూ అదే పిచ్చి.

ఏడాది తిరక్కుండానే, లండన్ నుంచి రికార్డు కంపెనీ ఆయన కార్మికుల క్లబ్బులో మా పాట వినడానికి వచ్చాడు.

"ఒరేయ్ క్లిఫ్, ఆఖరి పాటలో ఒంటరిగా వాయించే పెద్ద ముక్క నీదే. చింపెయ్!" అన్నాడు డెరిక్.

ఆ క్లబ్బులో ఒక ఆచారముంది. దేవుడే దిగొచ్చి పాడుతున్నా సరే, పొయ్యిలోంచి మాంసం కూరి కాల్చిన పైలు రాగానే పాట ఆగాలి. అది తెలిసి కూడా డెరిక్, లండన్ ఆయన్ని మెప్పించాలని ప్రతి పాటనూ జీడిపాకంలా సాగదీశాడు. సరిగ్గా నా ముక్క మొదలయ్యేసరికి క్లబ్బు సెక్రటరీ మైకందుకున్నాడు.

"ఆగండయ్యా, ఆగండి! పైలొచ్చాయి! తోసుకోకుండా వరసలో రండి!"

హాలు లేచిపోయింది. డ్రమ్ములవాడు అందరికంటే ముందు. "ఇప్పుడే వస్తాన్రా" అంటూ డెరిక్. వాళ్ల వెనక, సాక్షాత్తూ లండన్ ఆయన! క్లిఫర్డ్ మాత్రం కళ్లు మూసుకుని వాయిస్తూనే ఉన్నాడు. నేనంత బాగా ఎన్నడూ పలకలేదు. విన్నవి ఖాళీ కుర్చీలు. ఏడుపొచ్చింది నాకు.

లండన్ ఆయన టై మీద పులుసు తుడుచుకుంటూ వచ్చాడు. "బాగుంది. ఇంతకీ ఆ బల్ల దేనికి?" అన్నాడు. మళ్లీ కనబడలేదు. నెల తిరిగేసరికి బ్యాండు లేదు. క్లిఫర్డ్ బస్సు డిపోలో చేరాడు, నేను అటక ఎక్కాను.

అయితే సెక్రటరీ ఆ సాయంత్రం టేపు రికార్డరు పెట్టాడట. ఏళ్ల తర్వాత ఆయన పోయాక ఆ టేపు ఇంట్లో దొరికింది. ఇప్పుడు నేను ఊరి మ్యూజియంలో ఉన్నాను. మీట నొక్కితే ఆ టేపు వినబడుతుంది. పైల కేక వరకూ విని, పగలబడి నవ్వి, జనం వెళ్లిపోతారు. మనుషులు మారరు.

మొన్న క్లిఫర్డ్, డెరిక్‌ని వెంటబెట్టుకొచ్చాడు. ఇద్దరికీ బట్టతలలే. డెరిక్ కేకకి నవ్వాడు. తర్వాత కుర్చీల చప్పుడు, ఆ తర్వాత నేను ఒక్కదాన్నే. చివరిదాకా కదలకుండా విన్నాడు.

"ఇంత బాగా వాయించావా? నాకు చెప్పలేదేంరా?"

"చెప్పేదేముంది? నువ్వప్పుడు వరసలో ఉన్నావు."

డెరిక్ మళ్లీ మీట నొక్కాడు.