నా అర్ధగంట ఎండ

మిరపకాయలకు ఎంత ఎండ కావాలో నన్నడగండి, చెబుతాను. మొదటి రోజు పలచగా పరవాలి. రెండో రోజు తిరగెయ్యాలి. చేత్తో కదిపితే గలగలమనేదాకా తియ్యకూడదు. పరుపులకు ఒక పూట చాలు, కందిపప్పుకు రెండు పూటలు. ఇంత తెలిసిన నేను, నా ఒంటికి ఎంత ఎండ కావాలో తెలుసుకోవడానికి కొత్తగూడెం దాకా వెళ్లి రక్తం ఇచ్చి రావాల్సి వచ్చింది.

డాక్టరమ్మ రిపోర్టు చూసింది, నన్ను చూసింది, మళ్లీ రిపోర్టు చూసింది.

"మీది ఏ ఊరమ్మా?"

"టేకులపల్లి పక్కన తండా మేడం."

"అడవి పక్కన ఉండుకుంట విటమిన్ డి ఇంత తక్కువేంది? అసలు ఎండల తిరగరా?"

నాకు నవ్వొచ్చింది. ఎప్పుడు తిరగను? తెల్లారకముందే వంటిల్లు. మా ఆయన కోటేష్ బడికి పోయాక నడిమి గదిలో ట్యూబులైటు కింద కుట్టు మిషను. పొద్దు వాలితే మళ్లీ వంటిల్లు. మెట్లెక్కితే నడుము పట్టేస్తుంది, పిండి పిసికితే భుజాలు లాగుతాయి. ఈ మాట ఏడాదిగా చెబుతుంటే కోటేష్ "కూసుండి కుట్టే పనికి నొప్పులేంది?" అని పేపరు తిప్పేవాడు. డాక్టరమ్మ గోలీలు రాసి, వారంలో నాలుగైదు రోజులు, పదింటికో పదకొండింటికో, చేతులకూ కాళ్లకూ తగిలేలా అర్ధగంట ఎండలో కూర్చోమంది. ఊరికే కూర్చోవాలట. ఆ మాట విని నాకు పండగలా అనిపించింది.

మా వాళ్లకు ఎండంటే కూలి. మా అమ్మ సోని ముప్పై ఏళ్లు మిరప తోటల్లో వంగి, నన్ను మాత్రం నీడపట్టున ఉండే ఇంటికే ఇస్తానని ఒట్టు పెట్టుకుంది. కోటేష్‌ది సర్కారు బళ్లో సైన్సు టీచరు ఉద్యోగం. "మా కోడలు పొలం గట్టు తొక్కేది లేదు" అని మా అత్త రూప్లి పెళ్లిచూపుల్లోనే గర్వంగా చెప్పింది. తొక్కలేదు కూడా. ఎనిమిదేళ్లలో ఎంత తెల్లబడ్డానో అని అందరూ మెచ్చుకున్నారు. పాలిపోయానని ఒక్కరూ అనలేదు.

ఫోన్లో చెబితే అమ్మ పడీ పడీ నవ్వింది. "ఎండ మందని రాసిండ్రా? నా దగ్గర ముప్పై ఏండ్ల ఎండ ఉంది, సంచిల నింపి పంపాల్నా?" తర్వాత గొంతు మారిపోయింది. "నీడల ఉంటే సుఖమనుకున్న బిడ్డా" అంది.

కోటేష్ మాత్రం "అవ్, ఎండతోనే విటమిన్ డి వస్తది. పిల్లలకు ఏటా చెప్త గదా" అన్నాడు. ఏటా చెప్పే మాట ఇంటిదాకా ఎందుకు రాలేదో అడుగుదామనుకున్నాను. కడుపు మండింది కానీ, పెనం మీద రొట్టె అంతకంటే ముందే మాడుతోంది.

ఇక వైద్యం మొదలైంది. మొదటి రోజు డాబా ఎక్కుతుంటే అత్త గంప అందించింది. "ఎట్లాగూ పైకే పోతున్నవ్ గదనే, గీ మిరపకాయలు పట్కపో." కూర్చుని తొడిమలు తీశాను. రెండో రోజు దుప్పట్లు. దండెం నిండా ఆరేసి చూద్దును కదా, నేను నిలబడ్డ చోటంతా వాటి నీడే! మూడో రోజు కోటేష్ పుస్తకాల కట్ట. "చెద పడుతున్నయ్, కొంచెం ఎండకు పెట్టు" అని దర్జాగా చెప్పి బడికి పోయాడు. వారం తిరిగేసరికి మా ఇంట్లో పప్పులు, పరుపులు, పుస్తకాలు అన్నీ ఆరోగ్యంగా ఉన్నాయి. నా నడుము మాత్రం అలాగే ఉంది.

అప్పుడొచ్చింది నాకు రోషం.

ఆదివారం పదిన్నరకు కుట్టు మిషను మీద గుడ్డ కప్పేశాను. మెట్ల దగ్గర గంప సిద్ధంగా ఉంది. దాన్ని దాటుకుని, నులక మంచం ఒక్కటే ఈడ్చుకుంటూ పైకి వెళ్లి, డాబా తలుపుకు బయట గొళ్లెం పెట్టాను. చేతులు మోచేతుల దాకా మడిచి, కాళ్లు చాపి వెల్లకిలా పడుకున్నాను. అబ్బ! కనురెప్పల మీద వెచ్చగా, పాదాల మీద వెచ్చగా. ఈ వెచ్చదనాన్ని ఇన్నేళ్లూ మిరపకాయలే అనుభవించాయా అని ఈర్ష్య కలిగింది.

ఐదు నిమిషాలు కాలేదు, తలుపు చప్పుడైంది. "జ్యోత్స్నా, తలుపు తియ్."

అత్త. గంపతోనే వచ్చి ఉంటుంది. ఈసారి గట్టిగా చెప్పేద్దామని గొళ్లెం తీశాను.

"అత్తా, ఈ అర్ధగంట నాది. గంప తెస్తే కిందికి పంపిస్త."

ఆమె రెండు చేతులూ చాపి చూపించింది. ఖాళీ.

"గంపేంది పిల్లా, ముందు నా మోకాళ్లు చూడు. చేన్ల పని చేసినన్ని దినాలు గుర్రం లెక్క ఉరికిన. కొడుక్కు నౌకరి వచ్చి ఇంట్ల కూసుండబెట్టిండు, అప్పటి నుంచి పట్టుకున్నయ్." నేను మళ్లీ వచ్చి మంచం మీద కూర్చున్నాను. ఆమె మంచం పట్టె మీద చేయి వేసి అడిగింది, "జర జరుగుతవా?"

జరిగాను. మళ్లీ గొళ్లెం ఆమే పెట్టింది. చీర మోకాళ్ల పైకి లాక్కుని, కళ్లు మూసుకుని, హాయిగా నిట్టూర్చింది. మేమిద్దరం ఒకే మంచం మీద ఏ పనీ లేకుండా కూర్చోవడం ఎనిమిదేళ్లలో అదే మొదటిసారి.

కింద నుంచి కోటేష్ కేక వినిపించింది. "పైన ఏం పని చేస్తుండ్రే ఇద్దరూ? పదకొండయింది, పొయ్యి మీద ఏం లేదు!"

అత్త కళ్లు తెరవకుండానే నన్ను మోచేత్తో పొడిచింది. చెప్పు అన్నట్టు.

నేను పిట్టగోడ దాకా కూడా వెళ్లలేదు. కూర్చున్న చోటు నుంచే గొంతెత్తాను.

"పనేం లేదు, ఎండ కాగుతున్నం! బియ్యం డబ్బా వంటింట్ల ఉంది. అక్కడ ఎండ కూడ తగలదు, చల్లగ నీడపట్టున వండుకో!"