ఎర్రమిట్టపల్లి చప్పుడు

నేను చప్పుడును కొలిచే మీటరును. నల్లటి ఒళ్లు, కొసన స్పాంజి టోపీ. నన్ను చేసినవాళ్లు చెవి ఇచ్చారు, నోరివ్వలేదు. విన్నదాన్ని అంకెగా చూపడమే నా పని. మొదటి యజమాని నన్ను పెళ్లి మండపాలకూ, కంకర మిల్లులకూ తిప్పాడు. నా అంకె నచ్చకపోతే ఆపేసి, నచ్చినది వచ్చేదాకా మళ్లీ మళ్లీ పెట్టేవాడు. చివరికి పర్యావరణ నివేదికలు రాసే మురళీధర్‌కు అమ్మేశాడు.

మురళీధర్ నన్ను ఎర్రమిట్టపల్లికి తీసుకెళ్లాడు. అక్కడి గుట్ట మీద గాలిమరలు రాబోతున్నాయి. అవి రాకముందు ఊళ్లో ఎంత చప్పుడుందో నేను చెప్పాలి.

పట్నం నుంచి పెద్దమనుషులు వస్తున్నారని సర్పంచు ఓబుల్‌రెడ్డి కరెంటు స్తంభానికి రెండు మైకులు కట్టించి, పొద్దున్నుంచీ పాటలు వేయించాడు. మురళీధర్ టీ తాగి, బొరుగులు తిని, నన్ను ఆ మైకుల కిందే నిలబెట్టాడు. అరవై రెండు చూపాను. అబద్ధం కాదు. ఆపమని ఎవరూ అనలేదు. వచ్చినవాళ్లకు సరిగా వినపడటం లేదేమోనని సర్పంచు ఇంకాస్త పెంచాడు.

ప్రజాభిప్రాయ సేకరణ రోజున షామియానా కింద మురళీధర్ చదివాడు. "ఊళ్లో ఇప్పటికే అరవై రెండు డెసిబెల్స్. మర చప్పుడు నలభై అయిదు దాటదు. కాబట్టి ఊరికి అన్నిటికన్నా దగ్గరగా వచ్చే ఏడో నంబరు మరవల్ల కూడా ఎవరికీ ఇబ్బంది లేదు."

కురుబ బీరప్ప లేచాడు. రెండు కళ్లకూ పొర కమ్మిన ముసలివాడు. భార్య ఉన్నన్నాళ్లూ మంద ముందు ఆమె నడిచేది. ఆమె పోయాక గొర్రెల మెడగంటలే అతనికి దారి. ఏది తప్పిపోయిందో, ఏది కుంటుతోందో వాటిని బట్టే తెలుసుకుంటాడు. అతను మేపుకునే బీడు పక్కనే ఏడో మర రాబోతోంది.

"ఏం సామీ, ఆ పొద్దు మైకు పెట్టింది నీ కోసమే గదప్పా! పెండ్లికొచ్చి మేళం విని, ఈ ఇంట్లో దినామూ మేళమే అని రాసుకుంటివా?"

జనం నవ్వారు. సర్పంచు తల దించుకున్నాడు.

"మర తిరిగితే నా గంటలు నాకు ఇనపడవు. మందను అమ్ముకోవాల్సిందే. ఆ పైన నేను ఎవరితో ఉండాల? గోడతోనా?"

విచారణ జరుపుతున్న అధికారిణి మురళీధర్ వైపు చూసింది. "మళ్లీ కొలవండి. ఆ బీడులోనే. గంటసేపు, నా ముందు."

ఊళ్లో పిండిమర ఆగింది. ట్రాక్టర్లు ఆగాయి. తల్లులు పిల్లల నోట్లో బెల్లం ముక్కలు పెట్టారు. మందను దూరంగా నీడకు తోలించి, జనమంతా బీడులో కూర్చున్నారు. యాభై నుంచి నలభైకి దిగాను. ముప్ఫై నాలుగు దగ్గర నిలిచాను.

యాభై నిమిషాలయ్యాక మురళీధర్ జేబులో ఫోను మోగింది. యాభై ఎనిమిదికి ఎగిరాను.

"అయ్యో, ఆపడం మరిచిపోయాను మేడమ్."

ఆమె చెయ్యి చాచి ఫోను తీసుకుంది. "మొదటినుంచీ పెట్టండి."

రెండో గంటలో బీరప్పకు దగ్గు వచ్చింది. తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి, కళ్లవెంట నీళ్లు కారాయి. పక్కవాడు వీపు నిమరబోతే చేత్తో తోసేశాడు. గంట గడిచింది. ముప్ఫై నాలుగు.

ముప్ఫై నాలుగు ఉన్నచోట మర నలభై అయిదు ఎక్కువేనని, ఏడో మరను కిలోమీటరు అవతలికి జరపాలని ఆమె అక్కడే రాసి, సంతకం చేసి, జీపెక్కి వెళ్లిపోయింది. జనం ఈలలు వేశారు.

"అవతల మా తండా ఉంది గదా సారూ," అంది వెనక నుంచి లంబాడీ సాలీబాయి. "ఆడ కొలిచినారా?"

మురళీధర్ నన్ను పెట్టెలో సర్దుతున్నాడు. "అదీ ఈ పంచాయతీనే కదమ్మా. దానికి పాత అరవై రెండు వేస్తాంలే."

సాలీబాయి బీరప్ప దగ్గరికి వచ్చింది. "పెద్దాయనా, నువ్వన్నా చెప్పు. మైకు సంగతి నీకు తెలుసు గదా?"

బీరప్ప కర్ర తీసుకుని మంద వైపు నడిచాడు.

నా కొలతలు చెల్లే గడువు తీరి చాలా ఏళ్లయింది. బీరువా అడుగున ఉన్నాను. మురళీధర్‌ను నేను ఎప్పుడో క్షమించేశాను, అలాంటివాళ్ల చేతుల్లోనే పెరిగాను. బీరప్పను మాత్రం క్షమించలేదు. ఆ రోజు సాలీబాయి అడిగింది అతనికి వినపడలేదని ఎవరన్నా అంటే, నేను ఒప్పుకోను. చెవులను కొలవడం నా పని కాకపోయినా, ఆ బీడులో అతనికన్నా బాగా వినగలిగినవాడు ఇంకొకడు లేడు.